లోనుతో పాటు వచ్చిన మనిషి

జోగారావు మాస్టారు వాదనకు దిగే మనిషి కారు. ఏదైనా అడిగితే ఎక్కడో జరిగిన సంగతొకటి చెప్పి ఊరుకుంటారు. అర్థమైతే మన అదృష్టం, లేకపోతే మన ఖర్మ.

ఆదివారాలు ఆయన దగ్గర గీత వినడానికి వచ్చే దాలినాయుడు గాజువాకలో ఇళ్ల బ్రోకరు. లోను తీరని ఫ్లాట్లకు అగ్రిమెంటు రాయించుకుంటాడు. లోను పాత యజమాని పేరునే ఉంటుంది. ఆ కాగితం మర్నాడే లాభానికి ఇంకొకరికి మార్చేస్తాడు, కంతులు వాళ్లు కట్టుకుంటారు. ఓ రోజు ఉండబట్టలేక అడిగాడు.

“అబద్ధం ఒక్కటీ ఆడను మాస్టారూ. అమ్మినోడికి బరువు దిగింది, కొన్నోడికి ఇల్లు దొరికింది. ఇందులో పాపమేటుంది?”

మాస్టారు పైడిరాజు సంగతి చెప్పారు.

పైడిరాజు ఫిట్టరు. గుండెజబ్బుతో ఉద్యోగం పోయింది. ఫ్లాటు అమ్మినా బ్యాంకు బాకీకే సరి, చేతికి చిల్లిగవ్వ మిగలదు. ఓ బ్రోకరు వచ్చి ఇరవై వేలు చేతిలో పెట్టి, మొగుడూపెళ్లాల చేత సంతకాలు చేయించుకున్నాడు. ఆ కాగితం సూరిబాబు అనే ఆయనకు లక్షన్నరకు చూపించాడు. వేరేవాడి పేరున ఉన్న లోను ఇరవై ఏళ్లు నేను కట్టడమేమిటని సూరిబాబు వెనకాడితే, బ్రోకరు గొంతు తగ్గించాడు.

“లోనుకి ఇన్సూరెన్సుంది. ఆయనది గుండెజబ్బు. ఆయన పోతే బాకీ వాళ్లే తీర్చేస్తారు. భార్య సంతకం కూడా ముందే పెట్టించాను, రేపు ఆవిడతోనూ పేచీ ఉండదు.”

సూరిబాబు కొన్నాడు. నెలనెలా కంతు కట్టి, పైడిరాజుకు ఫోను చేసి ఒంట్లో ఎలా ఉందని అడిగేవాడు. సొంత తమ్ముడు కూడా ఇంతలా అడగడని పైడిరాజు భార్యతో చెప్పి మురిసిపోయేవాడు. పిచ్చి మారాజు! ఆపరేషను బాగా జరిగిందని, ఇంక ఇరవై ఏళ్లు ఢోకా లేదని డాక్టరు అన్న రోజున, ముందుగా ఫోను చేసింది సూరిబాబుకే.

ఆ నెల నుంచి కంతు ఆగిపోయింది. ఇంట్లో ఉన్నది సూరిబాబే అయినా, బ్యాంకు మనుషులు వచ్చింది పైడిరాజు అద్దె ఇంటి గుమ్మంలోకి. వీధి వీధంతా వినేలా పరువు తీసి వెళ్లారు. సూరిబాబు ఫోను ఎత్తలేదు. పాపం ఆయనకేమైందో, ఓసారి చూసి రావాలని పైడిరాజు భార్యతో అన్నాడట.

ఆ పైడిరాజు బతికే ఉన్నాడా అని దాలినాయుడు అడిగాడు.

“బతికే ఉన్నాడు నాయుడూ,” అన్నారు మాస్టారు. “బేరం చెడింది అక్కడే.”