కొమ్ములయ్య రాని ఏడు

"అయ్యవారూ, అహింసా వ్రతం పట్టినవాడు పురుగును చంపవచ్చునా?"

ఈ ప్రశ్న అడిగిననాడు పారినాయుడికి ఇరవై రెండేళ్ళు. ఇప్పుడు డెబ్బై దాటాయి. అడిగిన చోటు, ఆనాటి ముసురు, అయ్యవారి భుజం మీది తడి తువ్వాలు అతనికి నిన్న చూసినట్టే ఉన్నాయి. జవాబు మాత్రం ఆనాడు దొరకలేదు. పరదేశయ్య అయ్యవారి పద్ధతే అంత. ప్రశ్న అడిగినవాడికి ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. పని చేసి వచ్చేసరికి కొందరికి ప్రశ్న తీరిపోయేది, కొందరికి పెరిగేది.

ఆనాడు ఆయన అన్నది ఒక్క మాటే.

"చేట పట్టుకు రా."

వంపలగూడ కొండల కింద, గెడ్డ ఒడ్డున, అయ్యవారి ఆశ్రమం ఉండేది. ఆశ్రమమంటే రెండు గడ్డి ఇళ్ళు, ఒక పశువుల సాల, ఆ సాల వెనక గుగ్గిలం తోపు. నాలుగైదు వందల చెట్లు. వేసవిలో మాను బీటల్లోంచి బంక కారి, ఎండకు గట్టిపడి, మధ్యాహ్నం గాలి తిరిగితే గుడిలో ధూపం వేసినట్టుండేది. కొండమీది సవరలు ఆ బంక ఏరుకునేవారు, ఆకు కోసుకునేవారు. పచ్చని చెట్టు మీద మాత్రం ఎవరూ గొడ్డలి వెయ్యరు. ఎవరూ కాపలా కాయనక్కరలేని రోజులవి. ఇప్పుడు తలచుకుంటే అదే పారినాయుడికి వింతగా ఉంటుంది.

ఆ ఏడు తోపుకు తెగులు పట్టింది. చెట్ల మొదళ్ళలో రంపం కింద రాలినట్టు పొట్టు కుప్పలు కనిపించాయి. పై కొమ్మలు ఎండాయి. మీసాల పురుగు. వేలెడు పొడుగు, మట్టి రంగు, ఒంటికంటే పొడుగాటి మీసాలు. బెరడులో గుడ్లు పెడుతుంది. పిల్ల చేవలోకి తొలుచుకుపోతుంది. ఒక్క ఏడులో అరవై చెట్లు పోయాయి. ఇంకో రెండేళ్ళు ఊరుకుంటే తోపే ఉండదని కట్టెలు కొట్టే దండాసి చెప్పాడు.

మందు కూడా దండాసికి తెలుసు. అది అతని తాతల నాటిది. ఎలాగూ చావబోయే చెట్టునొకదాన్ని కొట్టి, దుంగలు చేసి, గొడ్డలి వెనకపక్కతో బెరడు నలగగొట్టాలి. ఆ రసం వాసనకు మైలు దూరం నుంచి పురుగులు వచ్చి వాలతాయి. తెల్లవారేసరికి కల్లు తాగినవాళ్ళలాగా దుంగకు కరుచుకుని పడి ఉంటాయి. అప్పుడు ఏరి చంపాలి. పది దినాలకు దుంగ ఎండుతుంది, కొత్తది వెయ్యాలి.

చేట తెచ్చిన పారినాయుణ్ణి అయ్యవారు దుంగ దగ్గర కూర్చోబెట్టారు. ఒక పురుగును తీసి అతని అరచేతిలో పెట్టారు.

"చూడు. చూసిన తరువాత చేటలో వెయ్యి. చేటలో మళ్ళీ చూడు. మీసాలదైతే సున్నపు నీళ్ళ కుండలోకి. కొమ్ములదైతే ఆకు కింద నీడలోకి."

ఆ రసానికి ఇంకొక పురుగు కూడా వచ్చేది. నల్లగా నిగనిగలాడుతూ, ముందు రెండు కొమ్ములతో, కోడెదూడలాగా తల వంచి నడిచేది. అది పచ్చని చెట్టు జోలికి పోదు. దాని పిల్ల పుచ్చి పడిన మానులో రెండు మూడేళ్ళు పెరుగుతుంది. చుట్టుపక్కల ఏ కొండలోనూ అది లేదు, ఆ తోపులోనే ఉంది. ఉన్నవి కూడా కొద్దే. సవరలు దాన్ని కొమ్ములయ్య అనేవారు. మృగశిర వానకు కొమ్ములయ్య గడప ఎక్కితే నేల తడి లోపలికి దిగినట్టే, ఇక చోళ్ళు, అంటే రాగులు, చల్లవచ్చని వాళ్ళ లెక్క. కుర్రవాళ్ళు మబ్బును చూసి చల్లుకునేవారు. సుక్కమ్మ అనే ముసలామె మాత్రం కొమ్ములయ్యను చూడనిదే విత్తనం బుట్ట ముట్టుకునేది కాదు.

మొదటి పురుగును సున్నపు నీళ్ళలో వేసిన తరువాత పారినాయుడికి రెండు దినాలు అన్నం సహించలేదు. మూడోనాటికి సహించింది. పదోనాటికి చెయ్యి ఆడుతూనే ఉంది, మనసు ఎక్కడో ఉంది. మనిషి చెయ్యి దేనికైనా అలవాటు పడుతుంది. భయపడవలసింది అక్కడే.

అతనికి ఒక నియమం ఉండేది. సూర్యుడు కొండ ఎక్కకముందే గెడ్డలో మునిగి జపానికి కూర్చోవాలి. ఆశ్రమానికి వచ్చిన మూడేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. జ్వరంలో కూడా మునిగాడు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పుకోలేదు గాని, తనకు తాను రోజూ చెప్పుకునేవాడు. నియమం మంచిదే. దాని మీద గర్వం పుట్టాక మాత్రం అది చెద పట్టిన దూలం. పైకి గట్టిగానే కనిపిస్తుంది.

ఒక్కొక్క పురుగునూ అరచేతిలో పెట్టి చూస్తుంటే తూర్పు ఎర్రబడిపోయేది. గెడ్డకు పరుగెత్తవలసి వచ్చేది. పైగా ఒకనాడు దండాసి గొడ్డలి భుజాన వేసుకుని పోతూ ఆగాడు.

"ఏటి నాయుడు బావూ, పురుగుకి పెళ్ళిసూపులా? పిల్ల నచ్చినాదా?"

అతని వెనక వస్తున్న ఆడవాళ్ళు నవ్వారు. పారినాయుడు తల ఎత్తలేదు.

మరునాడు అతను చేట తేలేదు. గోనె తెచ్చాడు, చీపురు తెచ్చాడు. గోనె పరిచి, దుంగను ఒక్క ఊపున ఊడ్చి, గోనెను కుండలోకి దులిపాడు. గంటన్నర పని చిటికెలో అయిపోయింది. కుండను గోతిలో కుమ్మరించి మట్టి కప్పాడు. చుక్కలుండగానే గెడ్డలో మునిగాడు. ఆనాటి జపం ఎంతో ప్రశాంతంగా సాగిందని అనుకున్నాడు. అలా తొమ్మిది రోజులు.

పదోనాడు అయ్యవారు తోపులోకి వచ్చారు. చీపురు చూశారు, గోతిని చూశారు.

"తవ్వు," అన్నారు.

తవ్వాడు.

"చేట తెచ్చి అందులో పరుచు."

ఒక పూటంతా పట్టింది. మీసాలవి ఒక పక్కకు, కొమ్ములవి ఒక పక్కకు. కొమ్ములవి ముప్పై ఒకటి తేలాయి. సున్నానికి నిగనిగ పోయి బూడిద రంగుకు తిరిగాయి. అయ్యవారు ఒకదాన్ని తీసి అతని అరచేతిలో పెట్టారు.

"ఇది ఏ చెట్టును తిన్నది నాయనా?"

అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని పారినాయుడు చాలా ఏళ్ళు అనుకున్నాడు.

మరుసటి ఏడు మృగశిర వచ్చింది. వాన దిట్టంగా కురిసింది. కొండమీద కుర్రవాళ్ళు చోళ్ళు చల్లేశారు. సుక్కమ్మ గడపలో కూర్చుంది. మూడు రోజులు చూసింది, వారం చూసింది, పన్నెండోనాడు కర్ర పట్టుకుని ఆశ్రమానికి దిగి వచ్చింది. పారినాయుడు సాలలో పేడ ఎత్తుతున్నాడు.

"కొమ్ములయ్య మీ తోపుకొచ్చినాడేటి బావూ? మా గడపకి రానేదు. నాను ఇత్తు సల్లాలా వద్దా?"

తెలియదు మామ్మా అంటే సరిపోయేది. ఆమె నమ్మేది. పురుగు ఎందుకు రాలేదో ఏ ముసలమ్మ విచారిస్తుంది? పారినాయుడు పేడ చేతులతోనే నిలబడ్డాడు.

"రాదు మామ్మా. పోయినేడు నేనే చంపేశాను."

"నువ్వా? కాలి కింది సీమకి దారొదిలీ మడిసివి నువ్వా?"

"మీసాల పురుగుతో కలిపి ఊడ్చేశాను. చీపురుతో. చూడలేదు."

సుక్కమ్మ అతని పేడ చేతుల వైపు చూసింది.

"సీపురికి కళ్ళుంతాయేటి బావూ?" అంది. కర్ర తిప్పుకుని కొండ ఎక్కింది.

ఆమె ఆ సాయంత్రమే చల్లింది. అప్పటికి నేలలో పదును పోయింది. పైరు జానెడు లేచి ఆగిపోయింది. ఆ ఏడంతా పారినాయుడు పగటి అంబలి మాని, తన వంతు చోళ్ళు తెల్లవారకముందే ఆమె గుమ్మంలో పెట్టి వచ్చేవాడు. అయ్యవారు అది చూశారు.

తోపు పని మాత్రం అతను మానేశాడు. "నా చేతులు ఆ పనికి తగవు అయ్యవారూ," అన్నాడు. అయ్యవారు సరేనన్నారు. ఆయనే చేట పట్టుకుని దుంగ దగ్గర కూర్చునేవారు. అప్పటికే ఆయన కళ్ళకు పొర కమ్ముతోంది. పురుగును కంటి దగ్గరకు తెచ్చి చూసేవారు. చాలనప్పుడు వేలితో కొమ్ములు తడిమేవారు. దూరం నుంచి పారినాయుడు అది చూసి తల తిప్పుకునేవాడు. తప్పు చేసినవాడు పని మానుకుంటే అది ప్రాయశ్చిత్తమని అనుకునే వయసు అది.

ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు.

"ఇక కొమ్ములయ్య రాదా అయ్యవారూ?"

అయ్యవారు అతన్ని సాల వెనక్కు తీసుకుపోయారు. అక్కడ ఎప్పుడో గాలికి పడిన ముసలి గుగ్గిలం మాను ఒకటి ఉండేది. బెరడు ఊడి, నాచు పట్టి, ముట్టుకుంటే పొడి రాలేది. తెగులు వచ్చిన తొలి ఏడు దాన్ని తగలబెడతానని పారినాయుడు రెండుసార్లు నిప్పు పట్టుకు వచ్చాడు. ఆశ్రమానికి శుభ్రం ఉండాలని అతని పట్టుదల. పచ్చని చెట్టును తొలిచేది పుచ్చు మానులో ఉండదని చెప్పి అయ్యవారు రెండుసార్లూ ఆపారు.

"దీన్ని కాపాడు," అన్నారు ఇప్పుడు.

"ఎన్నాళ్ళు?"

అయ్యవారు అప్పటికే సాల వైపు నడుస్తున్నారు.

రెండు వేసవులు కాచాడు. కొండకు నిప్పు అంటుకున్నప్పుడు మాను చుట్టూ ఆకు ఊడ్చి దారి చేశాడు. చీపురు వెయ్యబోయేముందు ప్రతి ఆకు కుప్పనూ చేత్తో కదిపి చూశాడు. కట్టెలకు వచ్చినవాళ్ళతో పోట్లాడాడు. వట్టి పుచ్చుకర్రకు కావలి ఏమిటని దండాసి నవ్వబోయి, అతని ముఖం చూసి మానుకున్నాడు.

మూడో ఏడు మృగశిర. రాత్రంతా వాన కురిసి తెరిపి ఇచ్చింది. పారినాయుడు గెడ్డకు బయలుదేరి, అలవాటుగా మాను వైపు చూశాడు. నాచు కదిలింది. పిడికెడు పొడి రాలింది. ముందు ఒక కొమ్ము, తరువాత రెండోది. తల వంచుకుని, తొందర లేకుండా, నల్లగా నిగనిగలాడుతూ బయటికి వచ్చి మాను మీద నిలిచింది. అతను దాన్ని ముట్టుకోలేదు. ఊపిరి గట్టిగా వదలలేదు. దాని వెనక ఇంకొకటి వచ్చింది. అవి రెక్కలు ఆరబెట్టుకుని ఎగిరేదాకా అక్కడే నిలబడ్డాడు. ఎండ వీపున తగిలినప్పుడు గాని సూర్యుడు కొండ ఎక్కాడని అతనికి తెలియలేదు. ఆరేళ్ళలో మొదటిసారి స్నానం తప్పింది. ఆ సంగతి కూడా అతనికి సాయంత్రం దాకా గుర్తుకు రాలేదు.

పరుగున కొండ ఎక్కాడు. సుక్కమ్మ గడపలోనే ఉంది. బుట్ట పక్కనే ఉంది.

"మామ్మా, వచ్చింది!"

"ఒచ్చింది ఏటి? ఒచ్చినాడు అను!" అని కసిరింది సుక్కమ్మ. ఆ మీదట గొంతు తగ్గించి, "సిక్కిపోనేదు కదా?" అంది.

"లేదు. కోడెదూడలాగా ఉన్నాడు."

ఆమె లేచి, బుట్ట చంకన పెట్టుకుని, పొలంలోకి నడిచింది. అతను ఆమె వెనక కొంత దూరం పోయి ఆగాడు. మొదటి పిడికెడు విత్తనం తడి నేల మీద పడిన చప్పుడు పారినాయుడి చెవిలో ఈనాటికీ ఉంది. ఆ తోపు ఇప్పుడు సగం ఉంది. ఆశ్రమం లేదు. సుక్కమ్మ లేదు.

ఆనాడు కొండ దిగి వచ్చేసరికి అయ్యవారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. అడుగుల చప్పుడుకు ముఖం ఎత్తారు గాని, చూపు అతని మీద నిలవలేదు. పారినాయుడు జరిగినదంతా చెప్పాడు. అయ్యవారు విన్నారు. కాళ్ళ దగ్గర కూర్చుని అతను మెల్లగా అన్నాడు.

"అయ్యవారూ, ఆనాడు నేను ఒకటి అడిగాను. చంపవచ్చునా అని. మీరు ఇంకా చెప్పలేదు."

తోపులోంచి చప్పుడు వస్తోంది. దండాసి కొత్త దుంగ మీద బెరడు నలగగొడుతున్నాడు. అయ్యవారు కాసేపు అటే చెవి పెట్టి విన్నారు.

"తెల్లవారుజామున దుంగ దగ్గరికి వెళ్ళు," అన్నారు. "చేట మరిచిపోకు."