రాజుగారి చీపుళ్ళు, మద్దిచెట్ల ఆకలి

అనగనగా ఒక కొండ, కొండ కింద ఒక కోట, కోటలో ఒక రాజు. కొండ మంచిదే, కోట కూడా పరవాలేదు. చిక్కంతా రాజుతోనే. ఈ కథ చెప్పిన ప్రతిసారీ నాకు తలనొప్పి వస్తుంది. అయినా చెబుతాను, వినండి.

ఆ రాజు పేరు నిర్మలసేనుడు. శుభ్రమంటే పిచ్చి. కోట ఊడ్పించాడు, బాగుంది. వీధులు ఊడ్పించాడు, ఇంకా బాగుంది. అక్కడితో ఆగి ఉంటే మనకీ తంటా ఉండేది కాదు. ఒకరోజు కిటికీలోంచి కొండ వైపు చూశాడు. మద్దిచెట్ల కింద ఎండుటాకులు మోకాలి లోతున పడి ఉన్నాయి.

"ఛీ, ఏమిటా చెత్త? రోజూ ఊడ్పించండి," అన్నాడు.

అడవిని ఊడవడమేమిటని ఒక్క మంత్రైనా అడగాలా, వద్దా? అడగలేదు. మూడు వందల చీపుళ్ళు కొండెక్కాయి. రాలిన ఆకును రాలినట్టే ఊడ్చి, గంపలకెత్తి, కోట వెనక కందకంలో పోశారు. ఒక ఏడాది కాదు, ఐదేళ్ళు. కొండకు అవతలి వాలు కిటికీలోంచి కనబడదు కాబట్టి దాని జోలికి ఎవరూ పోలేదు.

ఐదో ఏట కొండ కింది ఊట ఎండిపోయింది. వానలు లేవా అంటే, ఎప్పటిలాగే కురిశాయి. ఆ ఊట నీళ్ళతో బతికే పల్లె ఒకటుంది, నలభై గడప. అక్కడ విస్తళ్ళు కుట్టుకుని బతికే బాలెమ్మ రోజూ రెండు కోసులు నడిచి, అవతలి వాలు కింద పారే సెలయేటి నుంచి కడవ మోసుకొచ్చేది. నడిచీ నడిచీ విసిగిపోయి ఒకనాడు కోటకు వెళ్ళింది.

"ఊట పోయింది ప్రభూ. అది మళ్ళీ రాకపోతే మేము ఊరు ఖాళీ చేసి పోవలసిందే," అంది.

రాజు మంత్రి మొహం చూశాడు. "చెట్లే తాగేస్తున్నాయి ప్రభూ," అన్నాడు మంత్రి. అది నిజమే. కానీ ఇంతకాలం తాగనివి ఇప్పుడెందుకు తాగుతున్నాయని అడిగినవాడు లేడు.

మొదట రాజు చెట్లకు కాపలా పెట్టాడు. నవ్వకండి, నిజంగానే పెట్టాడు. భటులు బల్లేలు పట్టుకుని వేళ్ళ మీద నిలబడి "తాగొద్దు" అని గద్దించారు. ముసలి మద్దిచెట్టు "ఆకలేస్తోంది" అంది. భటులు వచ్చి ఆ మాట చెప్పారు.

"ఆకలేస్తే అన్నం తింటారు గానీ నీళ్ళు తాగుతారా? అబద్ధం," అన్నాడు రాజు.

రెండోసారి, దాహం తీరితే ఊట జోలికి పోవనుకుని, ఏటి నీళ్ళు ఏనుగుల మీద మోయించి చెట్ల మొదళ్ళలో పోయించాడు. చెట్లు అవీ తాగాయి. ఊటలో చుక్క లేదు. "ఆకలేస్తోంది" అని మళ్ళీ అంది ముసలి చెట్టు. చెట్టు నోరు తెరిచి చెబుతుంటే ఇంకెలా చెప్పాలండీ ఈ రాజుకి?

మూడోసారి గొడ్డళ్ళ వాళ్ళను వెంటబెట్టుకుని తానే కొండెక్కాడు. "ఈ దొంగలను నరికేయండి," అన్నాడు. "ఆకలేస్తోంది" అంది చెట్టు. 

గొడ్డళ్ళ సంగతి విని బాలెమ్మ రెండు కుండలు పట్టుకుని అప్పటికే కొండెక్కి వచ్చింది. చెట్లు పోతే మొదటి వానకే మట్టి జారుతుంది, ఊట శాశ్వతంగా పూడిపోతుంది. వెళ్ళి గొడ్డళ్ళకు అడ్డం నిలబడింది.

"నరకాలంటే నరుకుదురుగానీ, ముందు కాస్త గంజి తాగండి ప్రభూ. ఎండలో ఎక్కి వచ్చారు."

రాజుకు నిజంగానే కడుపు కాలుతోంది. బాలెమ్మ దొప్పలో పోసింది. కుండెడు నీళ్ళకు గుప్పెడు పిండి కలిపిన గంజి అది. ఒక దొప్ప తాగాడు, రెండు తాగాడు, ఏడు తాగాడు.

"ఇదేం గంజి? పొట్ట ఉబ్బింది గానీ ఆకలి తీరలేదు," అని చిరాకు పడ్డాడు.

బాలెమ్మ రెండో కుండ మూత తీసింది. చిక్కటి రాగి అంబలి. ఒక్క దొప్పతో రాజు ఆకలి తీరింది.

"మా పల్లెలో చుక్క నీళ్ళు లేని రోజున మీరు ఏడు దొప్పలు తాగేశారు. మరి మీరూ దొంగేనా?" అంది బాలెమ్మ.

"గంజి పలచగా ఉంటే తాగక ఏం చేయను?"

"చెట్టూ అదే మొత్తుకుంటోంది కదా ప్రభూ, మూడుసార్లుగా. దానికి నమిలి తినడం రాదు. మట్టిలోని సారం నీళ్ళలో కలిస్తే, ఆ నీళ్ళే దానికి గంజి. రాలిన ఆకు కుళ్ళితేనే మట్టికి సారం. మీరు ఆకులన్నీ ఊడ్చుకుపోయారు, గంజి పలచబడింది. అందుకే అంతలా తాగుతున్నాయి. నమ్మకపోతే అవతలి వాలుకు రండి. ఇవే చెట్లు, ఇదే వాన. చీపురు మాత్రం పడలేదు. అవి కొంచెమే తాగి ఊరుకున్నాయి. మిగిలిందే సెలయేరై పారుతోంది."

రాజు వెళ్ళి చూశాడు. గొడ్డళ్ళ వాళ్ళను, చీపుళ్ళ వాళ్ళను వెనక్కి పంపేశాడు. 

కందకంలో కుళ్ళిన ఆకునంతా మళ్ళీ కొండకు మోయించాడు. మొదటి గంప బాలెమ్మ రాజు నెత్తినే పెట్టింది. ఊట వచ్చేదాకా ఏనుగుల మీద పల్లెకు నీళ్ళు పంపించాడు. ఆ బుద్ధేదో ముందే ఉండొచ్చు కదా. పోనీలెండి. రోజూ మాత్రం "ఊట వచ్చిందా?" అని కబురు పంపి బాలెమ్మ ప్రాణం తీశాడు. "ఆకు మట్టి కావద్దా ప్రభూ?" అని ఆమె రోజూ చెప్పింది.

రెండు వానాకాలాలు గడిచాక ఊట పారింది. రాజు దోసిలి పట్టి తాగుతుంటే భుజం మీద ఒక ఎండుటాకు రాలింది. విసిరేయబోయి, బాలెమ్మ వైపు చూసి, తీసుకెళ్ళి ముసలి మద్దిచెట్టు మొదట్లో పెట్టాడు.

పిల్లలూ, ఎవరైనా ఎక్కువ తాగుతున్నారని తిట్టేముందు, వాళ్ళ గంజిలోంచి మనం ఏం తీసేశామో చూసుకోవాలి.