సింగన్న తీసిన మేక ఫోటోలు

ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చిపెట్టినట్టు నల్లబండలున్న గుట్ట ఒకటుంది. పట్నం పిల్లలు నడుముకు తాళ్ళు కట్టుకుని ఆ బండలు ఎక్కుతారు. ఎక్కేవాణ్ణి కింద నిలబడ్డవాడు ఫోటో తీస్తాడు. ఎక్కడం కంటే ఆ తీయడమే వాళ్ళకు ముఖ్యం. అట్లా వచ్చినవాళ్ళు ఒకసారి కెమెరా సంచి మరిచిపోయారు. అది సింగన్న అనే కొండముచ్చు చేతికి చిక్కింది.

ఆనాటి నుంచి సింగన్న నడక మారింది, మాట మారింది. ఎవరైనా పలకరిస్తే ముందు ఒక కన్ను మూసి చూసి, ఆ తర్వాత బదులు చెప్పేది.

గుట్ట మీద అందరికంటే బాగా ఎక్కేది చుక్కి. చెవి మీద తెల్లచుక్క ఉన్న మేకపిల్ల. గిట్ట ఆనడానికి గోరంత గరుకుంటే చాలు, నిలువుబండ మీదికి కూడా పోయేది. సింగన్న ఎప్పుడూ దాన్నే తీసేది. పొద్దు వాలే వేళకు అందరినీ చదునుగా ఉండే సాపుబండ మీద కూర్చోబెట్టి, కెమెరా వెనక ఉన్న చిన్న అద్దంలో చూపించేది.

"ఎట్లున్నది? ఉన్నదున్నట్టు చెప్పండి. నేనేం అనుకోను."

అనుకోనన్నవాళ్ళే ఎక్కువ అనుకుంటారని ఆ గుట్ట మీద తెలియనివాళ్ళు లేరు. అందుకే కుందేళ్ళు అద్దం వైపు తల తిప్పకముందే "సూపర్" అనేవి. అడవిపంది "సూపర్" అనేసి గడ్డలు తవ్వుకోవడానికి పోయేది. కాకి అయితే కిందికి దిగను కూడా దిగేది కాదు, ఎగురుతూనే "సూపర్" అని పోయేది. మెచ్చుకోవడానికి కళ్ళతో పనేముంది.

ఒక్క ఉడుము తాతకే ఆ మాట నోరు తిరగదు. పుట్టినప్పటి నుంచి బండకు పొట్ట ఆనించి బతికిన ప్రాణి. ఆ గుట్టలో దాని గోరు పడని నెర్రె లేదు. ఒకనాడు మెల్లగా పాక్కుంటూ వచ్చి, అద్దం వైపు చాలాసేపు చూసింది.

"ఏందిరా ఇది?"

"చుక్కి, తాతా. నిలువుబండ ఎక్కుతున్నది."

"చుక్కి ఏది? నాకు తోక కనబడుతున్నది. తోక కింద కనబడకూడనిది కనబడుతున్నది."

కుందేళ్ళు కిసుక్కున నవ్వాయి. చుక్కి తల దించుకుంది.

"ఎక్కేటోళ్ళను కింద నుంచి తీస్తే అట్లనే వస్తది మరి," అన్నది సింగన్న.

"వస్తదని తెలిసి ఎందుకు తీసినవ్? ఇంకోటి చూపియ్."

సింగన్న ఇంకోటి చూపించింది. అందులో చుక్కి గోడలాంటి బండకు అతుక్కుని ఉంది. కుందేళ్ళు "అబ్బో" అన్నాయి.

"ఆ వెనక తాటిచెట్టు పండుకున్నదేందిరా?" అన్నది ఉడుము.

సింగన్న కెమెరా వెనక్కి లాక్కోబోయింది.

"చెట్టు వంగిందా, నీ చెయ్యి వంగిందా? అది ఏటవాలు బండ. ముసలి ఎద్దులు గూడ ఎక్కుతయి. కెమెరా పక్కకు వంచి దాన్ని గోడ చేసినవ్. ఎవర్ని మోసం చేస్తున్నవ్, మమ్మల్నా, బండనా?"

"మరెట్ల తియ్యాలె?" సింగన్న పళ్ళు కొరికింది.

"దానికంటే ముందు నువ్వు ఎక్కు. పై నుంచి తియ్యి. ముఖం రావాలె, ముఖంల భయం రావాలె. కింద నేల రావాలె. నేల కనబడకపోతే ఎత్తు ఎవనికి తెలుస్తది? కింద కూసోని తోకలు తీసుడు ఏం పని?"

"ఇన్ని చెప్పనీకి నువ్వు ఒక్క ఫోటో అన్న తీసినవా తాతా?"

"తియ్యలే. ఆ బండ ఎక్కిన."

అంతమాత్రమే అని ఉడుము పోయింది. మళ్ళీ సాపుబండ దిక్కు రాలేదు. ఆ మాట అనిపించుకున్నాక కూడా రావడానికి అది కుందేలు కాదు.

ఇదంతా పొద చాటున నక్క వింటున్నది. దాని కన్ను ఎప్పటినుంచో చుక్కి మీద ఉంది. కానీ చుక్కి ఎప్పుడు చూసినా ఎత్తు బండల మీద ఉండేది, లేదంటే కొమ్ముల మేకపోతుల నడుమ ఉండేది. అందరూ పోయాక నక్క మెల్లగా సింగన్న పక్కన చేరింది.

"అల్లుడా, ఆ ముసలోని మాటకు మనసు కష్టపెట్టుకోకు. వానిది కుళ్ళు. నువ్వు తీసిన మేక ఫోటో చూసినప్పటి సంది నాకు వేరే యాదే లేదు."

ఆ ఒక్క మాట అబద్ధం కాదు.

"నిజంగనా మామా? తప్పేం లేదా?"

"నీ పనిల తప్పులుంటయా! ఏదో అడిగినవ్ గనుక ఒక చిన్న ముచ్చట. మేక మరీ పైన ఉంటే చీమ లెక్క వస్తున్నది. పెద్దబండ పక్కన సందున్నది గద, ఆడికి దించు. పొద్దుగూకేముందు ఆడ వెలుగు బంగారం. మేకపోతులు చుట్టూ ఉంటే ఫోటో సంత లెక్క ఉంటది, వాటిని వాగు దిక్కు పంపెయ్. చుక్కిని బండ దిక్కే చూడమను, వెనక్కి చూస్తే దొంగచూపు పడ్తది. ఇగ నువ్వు దూరంగ నిలబడు. దూరం నుంచి తీస్తేనే బండ మొత్తం వస్తది."

సింగన్నకు కళ్ళు చెమర్చాయి. తన పని ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు.

"మామా, నువ్వు పట్నంల పుట్టాల్సింది," అన్నది.

మరునాడు మేకపోతులను వాగు దిక్కు పంపించి, సింగన్న చుక్కిని వెంటబెట్టుకుని పోయింది. సందు మొదట్లోనే చుక్కి ఆగిపోయింది.

"అన్నా, ఈడ నక్క వాసన వస్తున్నది."

"మామ వెలుగు చూసుకోనీకి వచ్చిపోతుంటడు. నీ ఫోటో కోసమే తిరుగుతున్నడు పాపం."

"మా పోతులనెందుకు పంపించినవ్?"

"కొమ్ములు అడ్డమొస్తున్నయి. అయినా వాసన ఫోటోల రాదు గదనే! ఎక్కు. వెనక్కి చూడకు."

పెద్దది చెప్పింది కదా అని చుక్కి ఎక్కింది. రెండు బండల నడుమ కాళ్ళు తన్నిపెట్టి, కొంత పైకి పోయి ఆగింది. సింగన్న దూరంగా పోయి ఫోటో తీసి, అద్దంలో చూసుకుంది.

మళ్ళీ తోకే వచ్చింది.

అప్పుడు దానికి ఉడుము గొంతు గుర్తొచ్చింది. కుందేళ్ళ నవ్వు గుర్తొచ్చింది. ఒళ్ళు మండింది. "ముసలోడా, ఒక్కటంటే ఒక్కటి పై నుంచి తీస్త. ఎంత చెత్తగ వస్తదో తెచ్చి నీ ముఖం ముందే పెడ్త," అనుకుని, బండ వెనక నుంచి సందు నెత్తి మీదికి చేరింది. బుద్ధి వచ్చి కాదు, పంతం కొద్దీ. కెమెరా కిందికి వంచి చూసింది.

చుక్కి ముఖం వచ్చింది. ముఖంలో భయం వచ్చింది. కింద నేల వచ్చింది, నేల తెగిన చోట గండిలో నాగజెముడు పొద వచ్చింది. నేల మీద పొట్ట ఈడ్చుకుంటూ, నోరు తెరుచుకుని నక్క మామ కూడా వచ్చింది.

సింగన్న అరవబోయి ఆగింది. అరిస్తే చుక్కి బెదిరి జారుతుంది. జారితే నేరుగా ఆ నోట్లోకే.

"మామా!" అని పిలిచింది, పెళ్ళిలో దగ్గరి చుట్టాన్ని పిలిచినట్టు. "నువ్వు గూడ ఫోటోల పడ్డవ్! ఎంత మంచిగొచ్చినవ్ మామా!"

నక్క ఉన్నచోటే బిగుసుకుపోయింది. "నేనా... వెలుగు చూస్తున్న అల్లుడా."

"ఆ వెలుగంతా నీ మీదనే ఉన్నది. ఇగ మేక ఎవనికి కావాలె? లేచి నిలబడు. నోరు మూసి గదవ ఎత్తు. ఆ మీసాలు చూడు, రాజుల మీసాలు!"

దొరికిపోయానన్న భయం కంటే మీసాల మాటే నక్కకు ఎక్కువ నచ్చింది. లేచి నిలబడి గడ్డం పైకెత్తింది.

"అట్లనే. కళ్ళు మూసుకో, గంభీరంగ ఉంటది. చుక్కీ, నువ్వు అడ్డమొస్తున్నవ్. పైకి రా తల్లీ. మెల్లగ, నా దిక్కే చూసుకుంట రా."

కింద ఎవరున్నారో చుక్కికి అర్థమైంది. అయినా కిందికి చూడలేదు. ఒక్కో గిట్టా ఆనించుకుంటూ పైకి వచ్చి, సింగన్న పక్కన కూలబడింది.

"అయిందా అల్లుడా?" అన్నది నక్క, కళ్ళు మూసుకునే.

"కొంచెం ఎనుకకు మామా. నీ పెద్దరికం ఫోటోల పడ్తలేదు."

నక్క జరిగింది.

"ఇంకొంచెం."

ఇంకొంచెం జరిగింది. ఆ తర్వాత దాని కాలి కింద నేల లేదు. నాగజెముట్లోంచి లేచిన అరుపుకు వాగు దగ్గర మేకపోతులు తలలెత్తి, కొమ్ములు దించుకుని పరుగెత్తి వచ్చాయి.

ఆ సాయంత్రం సింగన్న సాపుబండ దగ్గరికి పోలేదు. నేరుగా ఉడుము ఉండే నెర్రె ముందు నిలబడి, కెమెరా ముందుకు చాపింది.

"నేను ఫోటోలు తియ్యనోణ్ణి. నన్నెందుకు అడుగుతున్నవ్?" అన్నది ఉడుము లోపలి నుంచే.

"బండ ఎక్కినోనివి గనుక అడుగుతున్న తాతా."

ఉడుము తల బయటపెట్టింది. చాలాసేపు చూసింది.

"ముఖం వచ్చింది. నేల వచ్చింది. కానీ మసకగ ఉన్నది. చెయ్యి వణికింది."

"వణికింది తాతా," అన్నది సింగన్న.

నక్క ఆ గుట్ట విడిచిపెట్టి పోయింది. మూతి నిండా ముళ్ళతో పక్క గుట్ట మీద కూర్చుని, ఆ కొండముచ్చుకు ఫోటో తీయడం నేర్పింది తానేనని, నేర్పినందుకు తనకు దక్కిన మర్యాద ఇదని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకుంటున్నదట.

నీ పనిలో తప్పే లేదని పొగిడేవాడు ఏ మూల నిలబడి చూస్తున్నాడో ముందు అది కనుక్కో.