లక్క ఆరని తాబేలు

లహరీ, ఆ మోకాలి మీద నుంచి చెయ్యి తియ్యి. కుట్లు దురద పెడుతున్నాయంటే మానుతున్నట్టే. గోకావంటే మళ్ళీ డాక్టరు దగ్గరికే. రిషీ, నువ్విటు జరుగు, అక్క కాలికి తగలకుండా. ఇవాళ కోత కోయించుకున్న తాబేలు కథ చెప్తాను. తాబేలుకి కత్తి ఎలా దిగుతుందని ఇప్పుడే అడక్కండి, కథంతా అందులోనే ఉంది. ఊ మాత్రం కొట్టాలి. మీ ఊ ఆగితే నా నోరూ ఆగుతుంది.

అనగనగా ఒక రాజ్యం. అటు కాలవ, ఇటు కాలవ, మధ్యలో వరిచేలు. ఎటు అడుగేసినా బురదే. ఆ రాజ్యానికో రాజు. ఆయన పేరు మా అమ్మమ్మ చెప్పేది, నేనే మర్చిపోయాను. ఏ పేరైతేనేం, రాజు రాజే. ఆ రాజుగారి తల్లిని పెద్దరాణి అనేవారు. ఆవిడ ఒక తాబేలుని పెంచుకుంది. పొద్దుటే పూజ చేసుకుని ఆవిడ పెరట్లోకి వస్తే, వెనకాలే టుకు టుకు టుకుమని అదీ నడిచేదంట. ఏళ్ళు గడిచాయి. తాబేలుకి వయసొచ్చింది, పెద్దరాణికీ వచ్చింది. ఒకరోజు పెద్దరాణి పోయింది. తాబేలు పెరట్లో మిగిలిపోయింది. ఉందా అంటే ఉంది. ఎవరు చూస్తున్నారంటే ఎవరూ చూడట్లేదు.

ఊ కొట్టండి. ఆ, అలాగ.

ఆ రాజు పెళ్ళాం చిన్నరాణి. ఆవిడ ఒకనాడు నూతి దగ్గర మొహం కడుక్కుంటూ నగలన్నీ తీసి గట్టు కింద అరిటాకు మీద పెట్టింది. ముత్యాల దండ, పచ్చల గాజులు, బంగారు జడబిళ్ళ, కెంపు ముక్కుపుడక. మొహం తుడుచుకుని చూస్తే దండ ఉంది, గాజులున్నాయి, జడబిళ్ళ ఉంది. ముక్కుపుడక లేదు. పక్కన తాబేలు నోరాడిస్తోంది. గుటుక్కుమంది.

ఇంకేముంది, కోటంతా గోల. దొంగ తాబేలు, దొంగ తాబేలు. పొట్ట కోసి తియ్యమన్నాడు రాజు. వైద్యుణ్ణి పిలిచారు. ఆయన తాబేలుని తిప్పి చూసి, మనిషైతే కోస్తాను, మేకైతే కోస్తాను, దీనికి పొట్ట ఎక్కడుంది బాబూ, పెట్టె ఉంది అన్నాడు. పెట్టె అన్నారు కదా అని వడ్రంగిని పిలిచారు. ఆయన ఉలీ సుత్తీ పట్టుకొచ్చాడు. ఒక్క దెబ్బేస్తే తాబేలు పచ్చడే. అప్పుడు కంసాలి వీరాచారిని పిలిచారు.

వీరాచారిది సన్నపని చెయ్యి. నువ్వుగింజంత రాయిని కూడా చెదరకుండా పొదిగేవాడంట. ముందు వైద్యుడు తాబేలుకి ఏదో మూలిక రసం పోసి మత్తు ఎక్కించాడు. అది నిద్రపోయాక వీరాచారి దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, వెంట్రుకంత రంపంతో అడుగు చిప్పలో నాలుగు వేళ్ళంత కిటికీ కోశాడు. చిప్ప ముక్క తీసి తడిగుడ్డలో పెట్టాడు. లోపల కత్తిపని వైద్యుడిది. ముక్కుపుడక బయటికొచ్చింది. కిటికీ తలుపు మళ్ళీ కిటికీలో పెట్టి, లక్క కరిగించి, వేలికి కాలనంత చల్లారనిచ్చి, చుట్టూ పూశాడు. లక్కంటే మొన్న తిరనాళ్ళలో నీకు కొన్న గాజులు చూశావా, ఆ లక్కే.

ముక్కుపుడక వచ్చింది. చిన్నరాణి పెట్టుకుంది. అందరూ ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు. వీరాచారి అక్కడే నిలబడ్డాడు. మరి తాబేలు బాబూ, అన్నాడు. రాజుకి ఆ సంగతే తట్టలేదంట. ఆ దొంగకి నా గుమ్మంలో చోటు లేదు, ఎక్కడో అక్కడ పారెయ్యండి అన్నాడు. ఊపిరి తీస్తున్నదాన్ని పారెయ్యడానికి వీరాచారికి చేతులు రాలేదు. పైగా తన చేతిపని. గంపలో మెత్తగా గడ్డి వేసి, తాబేలుని పెట్టుకుని ఇంటికొచ్చాడు.

ఆయన పెళ్ళాం శేషమ్మ. కొడుకున్నాడు, వాడికి ఈ కథలో పని లేదు, కుంపటి ఊదుకుంటూ ఉంటాడు. కొత్త కోడలు వరాలు. ఆ పిల్లది మెట్ట ఊరు. మెట్టంటే ఎర్రనేల, రాళ్ళు, వానొస్తేనే పంట. ఈ ఇల్లేమో పల్లం. వచ్చి రెండు నెలలైంది. అడిగినదానికి ఊ, లేకపోతే ఊహూ. మీకంటే నయం, ఊ అయినా కొట్టేది.

శేషమ్మ గంపలోకి చూసి నెత్తి కొట్టుకుంది. అసలే కోటలో పని, ఏ తప్పొస్తే ఏమవుతుందో అని పొద్దుట్నించీ హడలిపోతోంది. ఇప్పుడీ గోల, గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇంట్లో తాబేలేంటి, అరిష్టం, నూతిలో వేసెయ్యండి, నీళ్ళు తేటగానైనా ఉంటాయి, దాని ఇంటికి అది పోయినట్టూ ఉంటుంది అంది.

అప్పుడు ఆ నోరు లేని కోడలు నోరు తెరిచింది.

"అత్తయ్యా, నూతిలో వేస్తే ఇది చచ్చిపోతుందండి."

శేషమ్మ నవ్విందంట. తాబేలు నీళ్ళలో మునిగి చావడమేంటే, రేపు చేపకి జలుబు చేసిందంటావు అంది. వరాలు తాబేలు కాలు మెల్లిగా పట్టుకుని చూపించింది. ఇది నీటి తాబేలు కాదండి, మెట్ట తాబేలు. మీ కాలవల్లో ఉండేవాటి కాళ్ళు బాతు కాళ్ళలాగా వేళ్ళ మధ్య పొరతో ఉంటాయి. దీనికి చూడండి, ఏనుగు పాదాల్లాగా మొద్దు కాళ్ళు. మా నాన్న చేలో గట్టు మీద తిరుగుతుంటాయి, ఈత రాదు అంది. రెండు నెలల్లో ఆ పిల్ల ఆడిన మాటలన్నీ కలిపినా అన్ని లేవు.

వీరాచారి కాలు చూశాడు. పనివాడు కదా, ఉన్నది ఉన్నట్టు చూస్తాడు. పిల్ల చెప్పింది నిజమే అన్నాడు. పైగా లక్క ఆరేదాకా తడి తగలకూడదు అన్నాడు. శేషమ్మ మూతి ముడుచుకుంది. సరే, అట్లతద్ది దాకా చూస్తాను, ఈలోపు అది తిని తిరిగితే ఉంటుంది, తినకుండా ముడుచుకునే ఉంటే నోముల పూట ఇంట్లో ప్రాణం పోకూడదు, పొద్దెక్కేసరికి నూతిలో వేయిస్తాను, నీటిదో మెట్టదో అదే తేల్చుకుంటుంది అంది. అట్లతద్దికి పద్దెనిమిది రోజులుంది.

కోత కోసినవాళ్ళకి చాకిరీ చెయ్యడం తేలికనుకుంటున్నారా? మీ అమ్మనడుగు, నీ మోకాలికి ఎన్నిసార్లు లేచిందో. వరాలు పాత చీర ఉతికి, ఎండేసి, నాలుగు మడతలేసి పరుపు చేసింది. తాబేలుకి దెబ్బ అడుగున కదా, మట్టి తగలకూడదు. రోజూ గుడ్డ మార్చాలి. మంచం మీద పెట్టి, చీమలెక్కకుండా నాలుగు మంచంకోళ్ళ కింద నాలుగు నీళ్ళ మూకుళ్ళు పెట్టింది. పొద్దుటెండలో కాసేపు, ఎండ ముదిరితే నీడలోకి, చలిగాలి వేస్తే పొయ్యి దగ్గరికి. దూది తడిపి మూతి దగ్గర చుక్క చుక్కగా నీళ్ళు. అన్నీ చేసింది. ఒక్కటే కుదరలేదు. అది తినలేదు.

శేషమ్మ గంజి పెట్టింది. తాబేలు రాలేదు. పక్కింటావిడ పాలు తెచ్చింది. రాలేదు. ఎదురింటాయన ఎండురొయ్యలు తెచ్చాడు. రాలేదు. కాలవ మీద వల వేసే ఆయన బతికున్న చేపపిల్లని తెచ్చాడు. చేపపిల్ల ఎగిరింది, తాబేలు ఎగరలేదు. వరాలు గడ్డి పెట్టింది, తోటకూర పెట్టింది. మూతి కూడా కదపలేదు. ఏమంటోందంటే,

పైన చిప్ప, కింద చిప్ప,
చిప్పకి కిటికీ, కిటికీకి లక్క,
లక్క లోపల నేను,
రాను పో.

మీరూ అనండి. పైన చిప్ప, కింద చిప్ప... రిషీ, దుప్పట్లో దూరి అనకు, నువ్వు తాబేలువి కాదు.

పదిరోజులైంది. పన్నెండైంది. పరుపుతో సహా ఎత్తి చూస్తే తేలిగ్గా తగులుతోంది. వరాలికి దిగులు. ఆ దిగుల్లో ఒక అనుమానం కూడా పట్టుకుంది. ఒకరోజు మామగారిని అడిగింది, ఆ అరిటాకు మీద ఇంకేమేం ఉన్నాయి మామయ్యా అని. ఆయన చెప్పాడు. ముత్యాలు, పచ్చలు, బంగారం. అన్ని ఉండగా ముక్కుపుడకే ఎందుకు మింగింది? చిన్నది కాబట్టి అన్నాడాయన. దండలో ముత్యాలు ఇంకా చిన్నవి కదండి, ఒక్కటైనా కొరకలేదు అంది. దొంగబుద్ధి అంది శేషమ్మ వంటింట్లోంచి. దొంగైతే ఎక్కువ ఖరీదున్నది తీసుకుంటుంది కదా అనుకుంది వరాలు, పైకి అనలేదు. మీకేమనిపిస్తోంది? చెప్పొద్దు, మనసులో పెట్టుకోండి.

అట్లతద్ది ముందురోజు వచ్చింది. అది ఇంకా తినలేదు. శేషమ్మ గోరింటాకు రుబ్బింది. కోపం కోపమే, గోరింటాకు గోరింటాకే. కోడలిని కూచోబెట్టి చేతులకీ కాలివేళ్ళకీ తనే పెట్టింది. అత్త మంచి, కత్తి మెత్తన ఉండవంటారు. అన్నవాళ్ళు శేషమ్మని చూడలేదులే.

తెల్లారింది. వేళ్ళన్నీ ఎర్రగా పండాయి. వరాలు తలంటుకుని, ఉపవాసంతో, ఆఖరిసారి అనుకుని తాబేలుని ఎండలో పెట్టింది. చీర పరుపు నేల మీదే వేసి, పక్కన కాళ్ళు చాపుకుని కూచుంది. ఎవరూ లేరు కదా అని ఏడ్చింది. నిన్ను నేను బతికించలేకపోయాను, కనీసం మా ఊరి గట్టు మీదైనా వదిలేదాన్ని, ఆ దారి కూడా నా చేతిలో లేదు అని చెప్పుకుని ఏడ్చింది. అవతల శేషమ్మ కొడుకుని గంప తెమ్మంటోంది.

అప్పుడు చిప్పలోంచి మూతి వచ్చింది. మూతి వెనక కళ్ళు వచ్చాయి. కళ్ళ వెనక మెడ వచ్చింది, ముడతలు ముడతలుగా. ఒక కాలు వచ్చింది. రెండో కాలు వచ్చింది. టుకు, టుకు, టుకు. వచ్చి వచ్చి వరాలి కాలి బొటనవేలు పట్టుకుని కటుక్కున కొరికింది.

అమ్మో అని వరాలు కాలు లాక్కుంది. లాక్కుని వేలు చూసుకుంది. ఎర్రటి వేలు. కెంపు ఎరుపు. ముక్కుపుడక ఎరుపు.

నెప్పి మర్చిపోయి పెరట్లోకి పరిగెత్తింది. ఎర్రగా ఏముంది, తినేది ఏముంది? గోడవార మందారచెట్టు. ఒక పువ్వు కోసుకొచ్చి మూతి ముందు పెట్టింది. తాబేలు చూసింది. నోరు తెరిచింది. రెక్క పట్టి లాగింది. నమిలింది. ఇంకో రెక్క. శేషమ్మ గంపతో వచ్చి అలాగే నిలబడిపోయింది. చూసి చూసి గంప కింద పెట్టి, తనే వెళ్ళి ఇంకో రెండు పూలు కోసుకొచ్చింది.

వీరాచారి ఊరుకుంటాడా, కోటకెళ్ళి పాతకాలం దాసీని వెతికి అడిగాడు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పెద్దరాణిగారు పూజ అవగానే మందారాలు తెచ్చి దానికి తన చేత్తో పెట్టేవారయ్యా, ఆవిడ పోయాక చిన్నరాణిగారు మందారాలు తీయించి సన్నజాజులు వేయించారు అంది. అర్థమైందా లహరీ? అది దొంగ కాదమ్మా. దానికి ఆకలి. నెలల తర్వాత ఒక ఎర్రటిది కనపడితే, నా పువ్వొచ్చింది అనుకుంది, పాపం. దానికి కడుపు కోశారు.

ఈ సంగతి రాజుకి తెలిసింది. సిగ్గుపడ్డాడు. అమ్మ పెంచుకున్నదానికి అమ్మ ఏం పెట్టేదో ఒక్కనాడు అడగలేదే అని బాధపడి, కోట పెరడంతా మళ్ళీ మందారాలు వేయించాడు. తాబేలుని పంపమని పల్లకీ పంపాడు. వరాలి మొహం పాలిపోయింది. వీరాచారి చేతులు కట్టుకుని, చిత్తం బాబూ, కానీ లక్క ఇంకా ఆరలేదు అన్నాడు. సరే ఆరాకే పంపమన్నాడు రాజు. మరుసటేడు మళ్ళీ పల్లకీ వచ్చింది. లక్క ఆరలేదు బాబూ. ఆ మరుసటేడూ వచ్చింది. ఇదిగో ఇంకొంచెం పచ్చిగా ఉంది బాబూ. అప్పటికి రాజుకి అర్థమై నవ్వుకున్నాడంట. పల్లకీలో మందార మొక్కలు పెట్టి పంపాడంట. తాబేలు ఆ ఇంట్లోనే ఉండిపోయింది, వరాలి వెనకాలే టుకు టుకుమని.

రాజు మాట ముందే చెప్పేశాను, అసలు మాట దాచుకుందామని. నిద్రొస్తోందా? ఇంకొక్క ఊ కొట్టండి.

ఆ అట్లతద్ది నాడే, చందమామ వచ్చాక, శేషమ్మ కోడలికి అట్లు వడ్డించింది. వరాలు ఒకటిన్నర తిని చెయ్యి ఆపింది. రోజూ అంతే. వచ్చినప్పట్నించీ అంతే. శేషమ్మ ఇన్నాళ్ళూ చూస్తూనే ఉంది, తిండి తక్కువ పిల్ల అనుకుంది. ఆ రాత్రి మాత్రం అట్లకాడ పట్టుకుని అలాగే ఉండిపోయింది. కోడలి మెడ వంక చూసింది, ఎముకలు తేలి ఉన్నాయి. ఊరంతా వచ్చి తాబేలు తిందా అని అడిగాం, ఈ పిల్లని అడిగామా అనుకుంది. అట్లకాడ కింద పెట్టి పక్కన కూచుంది.

"మీ ఇంట్లో ఏం తినేదానివే?"

వరాలు మిగిలిన అట్టు ముక్కని వేలితో జరిపింది. తర్వాత మెల్లిగా, జొన్నరొట్టె అత్తయ్యా, పచ్చిమిరపకాయ కారంతో అంది.

మర్నాడు శేషమ్మ జొన్నపిండి తెప్పించింది. పల్లపు మనిషి, జొన్నరొట్టె తట్టడం పుట్టి ఎరగదు. తడితే ఒకవైపు మందం, ఒకవైపు పలచన. పెనం మీద వేస్తే విరిగి మూడు ముక్కలైంది. వీరాచారి గుమ్మంలోంచి చూసి, లక్క పెట్టి అతికించమంటావా అన్నాడు. వరాలు ఫక్కున నవ్వింది. ఆ ఇంట్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. ఆ మూడు ముక్కలూ తినేసి, ఇంకోటి వెయ్యండత్తయ్యా అంది.

అందుకే చెప్తాను, ఒకరికి పెట్టడం గొప్పేం కాదు, ఏం కావాలో అడిగి పెట్టడం గొప్ప. లహరీ, పొద్దుట్నించీ పప్పన్నం వద్దు వద్దు అన్నావు, నేనూ అడగలేదు. రేపు ఏం చెయ్యమంటావు? సరే, చేస్తాను, మోకాలు గోకనంటేనే. ఇంక కథ కంచి దారి పట్టింది, టుకు టుకుమని అదే వెళ్తుంది. మనం చిప్పలోకి ముడుచుకుందాం.