చారు ఫ్లాస్కుకి దిష్టిచుక్క

గుమ్మలవలస మొత్తం మీద తెలివి తమ ఇంట్లోనే కాపురం ఉందని సూరీడమ్మకీ, ఆవిడ ఇద్దరు కొడుకులకీ గట్టి నమ్మకం. ఊళ్ళోవాళ్ళకి ఆ సంగతి తెలియదు, అది వేరే విషయం. బయటికి వెళ్ళేటప్పుడు తలుపుకి తాళం వేసి, తాళంచెవి కూడా ఆ తాళానికే దారంతో కట్టేవాళ్ళు. లేకపోతే దొంగవెధవ చెవి దొరక్క తలుపు విరగ్గొడతాడు, తలుపు పోతే ఇల్లు ఎవరు కాస్తారు? వాన పడితే గొడుగు ముడిచి చొక్కాలో దాచుకునేవాళ్ళు. గొడుగు తడిస్తే ఆరడానికి రెండు రోజులు పడుతుంది, మనిషైతే గంటలో ఆరిపోతాడు. ఇలాంటివన్నీ కనిపెట్టింది పెద్దకొడుకు అప్పలకొండ. అతనొకటి కనిపెట్టినప్పుడల్లా తమ్ముడు పైడిరాజు "మా అన్న బుర్రే బుర్ర" అని మెటికలు విరిచి దిష్టి తీసేవాడు.

ఒకరోజు పొద్దున్నే సూరీడమ్మ టవును ఆస్పత్రి నుంచి మొదటి బస్సుకి ఊడిపడింది. కూతురు పోలమ్మకి ముందురోజు కాన్పయింది, మగపిల్లాడు. అప్పలకొండకి చెల్లెలంటే ప్రాణం. మేనమామనయ్యానని వాకిట్లో గంతులేశాడు.

"గంతులు తరవాత ఎయ్యొచ్చు. గుంట నిన్నటి నుంచీ మెతుకు ముట్టనేదురా. ఆస్పత్రిలో ఇచ్చింది నోటికి పట్టటం నేదంట. అమ్మా, వేడివేడి మిరియాల చారు కావాలని ఒకటే ఏడుపు. బాలింతరాలికి చల్లారిన చారు ఇవ్వకూడదు. గంట ప్రయాణం, గిన్నెలో పట్టికెళ్తే ఏటి మిగుల్తాది? మీరెళ్ళి చారు చల్లారని సీసా ఒకటి పట్రండి, ఈలోగా నాను పొయ్యి ముట్టిస్తాను" అంది సూరీడమ్మ.

అంతే. అన్నదమ్ములిద్దరూ బస్సెక్కేశారు.

ఆస్పత్రికి ఎదురుగానే స్టీలుసామాన్ల కొట్టు. కొట్టాయన ఒక ఫ్లాస్కు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది తీసుకోండి. వేడిది పోస్తే వేడిగా ఉంచుతుంది, చల్లనిది పోస్తే చల్లగా ఉంచుతుంది."

పైడిరాజు అన్న చొక్కా పట్టి లాగాడు. "వద్దన్నా. అదీ చేస్తాది, ఇదీ చేస్తాదంటే దానికి నిలకడ నేదన్నమాట. దార్లో మనసు మార్చుకుంటే?"

అప్పలకొండకి అది సబబుగానే తోచింది. "బావూ, ఒక్క వేడి పనే వచ్చినది చూపించండి. మిగతా తెలివితేటలు నేకపోయినా పర్నేదు."

కొట్టాయన ఇంకోటి తీశాడు, మరోటి తీశాడు. అన్నిటికీ రెండు పనులూ వచ్చు. నీలం ఫ్లాస్కుని చూస్తేనే పైడిరాజుకి చలేసింది. తెల్లదాన్ని చూసి పెరుగు గుర్తొచ్చిందన్నాడు. అరలన్నీ ఖాళీ అయ్యాక అట్టడుగున ఒక ఎర్రది దొరికింది. ఎరుపంటే నిప్పు రంగు, ఇది చల్లపనికి ఒప్పుకోదని అన్నదమ్ములిద్దరూ తేల్చుకున్నారు.

కొట్టాయన తలనొప్పి వదిలించుకుందామని, తను తాగబోతున్న పొగలుకక్కే టీ అందులో పోసి మూత బిగించి చూపించాడు. అప్పలకొండ ఫ్లాస్కు చుట్టూ చెయ్యి వేసి చూసి గతుక్కుమన్నాడు. "చల్లగా ఉన్నాది! మీ టీ ప్రాణం పోయింది బావూ!"

"అయ్యా, బయట చల్లగానే ఉండాలి. బయటికి వెచ్చగా తగిలిందంటే లోపలి వేడంతా కారిపోతోందన్నమాట. అలాంటిది ఎందుకూ పనికిరాదు" అంటూ మూత తీశాడు. గుప్పుమని ఆవిరి వచ్చింది. అన్నదమ్ములు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు.

"ఇంకో మాట. మూత తీశారా, వేడి పోతుంది. కింద పడెయ్యకండి. పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకోండి, పదేళ్ళు మన్నుతుంది" అని కొట్టాయన సాగనంపాడు. ఆ మాటల్ని అప్పలకొండ బస్సులో దారిపొడుగునా జపం చేసుకుంటూ వచ్చాడు. బయట చల్లగుంటే మంచిది, బయట వెచ్చగుంటే కారిపోతున్నట్టు. మూత తియ్యరాదు. పసిబిడ్డలా చూడాలి.

ఇంటి దగ్గర చారు తెర్లుతోంది. ఫ్లాస్కు నిండా పోసి మూత బిగించారు. పసిబిడ్డలా చూసుకోమన్న మాట చెప్పగానే సూరీడమ్మ చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి, కాళ్ళు బారచాపి కూర్చుంది. ఎంతమంది పిల్లలకి లాల పోసిన చెయ్యి! ఫ్లాస్కుని కాళ్ళ మీద పడుకోబెట్టి ఆముదం పట్టించి నిలువునా మర్దన చేసింది. మెడ సాగదీద్దామని చూసింది గానీ సాగలేదు. సాంబ్రాణి పొగ వేసింది. పాతచీర ముక్కలో చుట్టి, మూత పక్కన ఇంత దిష్టిచుక్క పెట్టింది. "ఏడవకుండా బుద్ధిగా ఉంది, మా అప్పలకొండ పోలికే" అని మురిసిపోయింది కూడాను.

బస్సు కిటకిటలాడుతోంది. అప్పలకొండ చంకలో పొత్తిగుడ్డ చూసి ఒకావిడ పాపమని లేచి చోటిచ్చింది.

"మొగబిడ్డా, ఆడబిడ్డా బాబూ?"

"మిరియాల చారు" అన్నాడు అప్పలకొండ.

ఆవిడ ఇలాంటి పేరు ఎప్పుడూ వినలేదు. "ఏదీ, మొహం చూపించు" అంది.

"మూత తీస్తే వేడి పోతాదమ్మా" అని అప్పలకొండ మూటని గుండెకి ఇంకాస్త హత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే బస్సు గోతిలో పడి లేచింది. ఇంకేముంది, ఆముదం పట్టించిన ఫ్లాస్కు గుడ్డలోంచి సర్రున జారి, మెట్ల మీంచి దొర్లి రోడ్డున పడి, కాలవలోకి పోయింది.

"బిడ్డ పడిపోనాడు!" అని అన్నదమ్ములు గొల్లుమన్నారు. బస్సంతా గొల్లుమంది. డ్రైవరు ధడాలున బస్సు ఆపాడు. ముసలీ ముతకా అందరూ దిగి రోడ్డు పక్క కాలవలో మోకాలిలోతు బురదలో వెతికారు. ఆ చోటిచ్చినావిడ అయితే గుండెలు బాదుకుంది. చివరికి పైడిరాజు తుంగలోంచి ఫ్లాస్కుని పైకెత్తి, "దొరికినాడు! నెత్తి మీద చిన్న సొట్ట, అంతే!" అని అరిచాడు.

ఆ తర్వాత బస్సువాళ్ళు వాళ్ళనేమన్నారో ఇక్కడ చెప్పడం బాగుండదు. కండక్టరు వాళ్ళిద్దర్నీ అక్కడే వదిలేసి విజిలు ఊదాడు. మిగిలిన రెండు మైళ్ళూ మండుటెండలో నడకే. పొద్దు నడినెత్తికొచ్చింది. అక్కడ చెల్లెలు ఆకలితో మాడుతోందని తలుచుకుని అప్పలకొండ ఇంకా పెద్ద అంగలు వేశాడు. ఉండుండి ఫ్లాస్కుని తడిమి, చల్లగా తగిలితే "అమ్మయ్య" అనుకునేవాడు.

పోలమ్మ గుమ్మం వైపే చూస్తూ పడుకుని ఉంది. అన్నల్ని చూడగానే లేచి కూర్చుంది. "తెచ్చినారా అన్నా? వేడిగా ఉందా?"

"నిప్పేననుకో" అని ఫ్లాస్కు ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె మూత మీద చెయ్యి వెయ్యగానే లాక్కున్నాడు. "ఎంత పని చేస్తన్నావే! మూత తీస్తే వేడి పోతాది."

"మరెలా తాగాల?"

"అది కొట్టాయన చెప్పనేదు" అన్నాడు పైడిరాజు.

"అన్నా, ఆకలేస్తంది."

"ఆకలి ఇయ్యాల కాకపోతే రేపు తీరతాది. వేడి పోతే మళ్ళీ వస్తాదేటి తల్లీ? పక్కనెట్టుకుని పడుకో, నీ చారు నీ దగ్గరే ఉంది గదా" అని అప్పలకొండ బతిమాలాడు. పోలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి అతనికీ తిరిగాయి. అయినా మూత మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఈ ఏడుపు విని నర్సమ్మ వచ్చింది. ఫ్లాస్కు లాక్కుని, మూత తిప్పి, గ్లాసులోకి వంచింది. వార్డంతా మిరియాల వాసన. "పోయింది, వేడి పోయింది!" అంటూ పైడిరాజు కండువాతో ఆవిరిని పట్టి మళ్ళీ ఫ్లాస్కులో కుక్కబోయాడు. పోలమ్మ మాత్రం గ్లాసు తర్వాత గ్లాసు ఊదుకుంటూ తాగింది. నుదుట చెమట పట్టింది, మొహంలోకి కళ వచ్చింది. "అమ్మ చేతి చారు" అంది కళ్ళు మూసుకుని. అప్పలకొండకి ప్రాణం లేచొచ్చింది. ఎంత వేడి పోయినా చారు మిగిలిందిలే అని సర్దుకున్నాడు.

నర్సమ్మ ఉయ్యాల్లోంచి పిల్లాణ్ణి తీసి అతని చేతుల్లో పెట్టింది. "మేనమామవి కదా, జాగ్రత్త. పసివాడి ఒంట్లో వేడి పోనివ్వకూడదు."

అప్పలకొండ మురిపెంగా బుగ్గ మీద చెయ్యి వేశాడు. వెచ్చగా తగిలింది. పొట్ట తడిమాడు, వెచ్చన. అరికాళ్ళు తడిమాడు, అవీ వెచ్చనే.

"తమ్ముడూ! వీడు బయట వెచ్చగున్నాడురా! వేడంతా కారిపోతంది!"

అంతే. పిల్లాణ్ణి తల్లి ఒళ్ళో పెట్టి, ఇద్దరూ ఒకటే పరుగు. కొట్టాయన అప్పుడే ఫ్లాస్కులన్నీ అరల్లో సర్దుకుని, కొత్తగా టీ తెప్పించుకుని, ఒక గుక్క తాగబోతున్నాడు.

"బావూ, బేగి! ఇంకా పెద్దది కావాల" అన్నాడు అప్పలకొండ రొప్పుతూ.

"ఎన్ని కప్పులు పట్టాలి?"

"కప్పులు కాదు బావూ. ఒక్క మేనల్లుడు పట్టాల."

కొట్టాయన టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. పెళ్ళిళ్ళలో కాఫీ పోసే పెద్ద క్యాను పై అరలో ఉంటే దాన్ని వేలుతో చూపించాడు. అప్పలకొండ దాన్ని దింపి, మూత తీసి ఆయన చేతికిచ్చేశాడు. "మూత మీరే ఉంచుకోండి. పసిగుంటడికి ఊపిరాడాల గదా. ఆమాత్రం తెలివి నేదేటి మాకు?"

పైడిరాజు క్యాను చుట్టూ తిరిగి వచ్చాడు. అడుగున ఉన్న కుళాయి దగ్గర వంగి, ఒకసారి తిప్పి చూశాడు, మళ్ళీ కట్టి చూశాడు. మొహం వెలిగిపోయింది.

"అన్నా! చెల్లికి ఇంక పొత్తిగుడ్డలు మార్చే పని కూడా నేదు!"

అప్పలకొండ ఆనందం పట్టలేక, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తమ్ముడికే మెటికలు విరిచి దిష్టి తీశాడు.