పిల్లల వేరు

చెరకు తోట పక్కన ఒక దొడ్డిలో సింగారి అనే కోడిపెట్ట ఉండేది. మూడుసార్లు పొదిగింది. మూడుసార్లూ గుడ్లు మురిగిపోయాయి. కాలవ అవతల ఉండే మంత్రసాని బాతు వచ్చి ఆకుపసరు పోస్తూ, "ఈసారి ఆశ ఉందమ్మా" అంది.

అంతలో ఊరి మీద కోళ్లను చంపే కొక్కెర తెగులు పడింది. రైతు ఒక్కో కోడిని ఒక్కో గంప కింద మూసేశాడు. మధ్యాహ్నం మాత్రం ఒక్కోదాన్నీ కాసేపు వదిలేవాడు. బాతు రాకపోకలు ఆగిపోయాయి.

"వదినా, నా వైద్యం సగంలో ఆగిపోయింది" అంది సింగారి, పక్క గంపలోని బొల్లిపెట్టతో.

"ప్రాణాలు పోతుంటే పిల్లల గొడవేంటే నీకు? నా పదిమంది పిల్లల్నీ ఎలా దక్కించుకోవాలా అని నేను చస్తున్నాను. నీకేం, ఒక్కదానివి!"

అప్పట్నుంచి సింగారి ఉత్త గడ్డి మీదే రెక్కలు పరుచుకుని కూర్చునేది. గింజలు ముట్టేది కాదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

"ఏం చెల్లెమ్మా, అలా చిక్కిపోయావు?"

ఒక మధ్యాహ్నం కంచె అవతల నుంచి నక్క అడిగిన మాట అది. నెల రోజుల్లో తనను పలకరించిన మొదటి గొంతు. సింగారి ఏడుస్తూ అంతా చెప్పేసింది.

"ఇంతేనా! చెరకు తోట గట్టు మీద పిల్లల వేరు ఉంది. నమిలితే ఇక గుడ్డు మురగదు. రేపు ఒక్కదానివే రా. ఎవరికైనా చెప్పావో, వేరు పనిచెయ్యదు."

మర్నాడు సింగారి దొడ్డి దాటుతుంటే ముసలి గేదె గవరమ్మ పిలిచింది. "ఎక్కడికే తల్లీ?"

"ఎక్కడికీ లేదత్తా."

"మరి నా మొహం చూడవేం?"

సింగారి దాచలేకపోయింది. గవరమ్మ నవ్వలేదు, తిట్టలేదు.

"నేనూ ఈననిదాన్నే. పదేళ్లు గొడ్డుదని పిలిపించుకున్నాను. పద, నాకూ ఒక వేరు అడుగుదాం" అని పలుపు తెంచుకుని వెంట నడిచింది.

గట్టు మీద గేదెను చూడగానే నక్క వెనక్కి జరిగి బండకు ఆనుకుంది. "ఇది... కోళ్లకే పనిచేస్తుందత్తా."

"సరే, ముందు నువ్వు నమిలి చూపించు. దీనికేమైనా అయితే?"

వెనక బండ, ముందు కొమ్ములు. వేరంటూ ఉంటే కదా! నక్క నోటికందిన జిల్లేడు పీకి నమిలింది. నోరు మండిపోయి, గవరమ్మ పక్కకు తప్పుకోగానే చొంగ కార్చుకుంటూ గట్టు దిగి పారిపోయింది.

సింగారి అక్కడే కూలబడింది. "అత్తా, అయితే నాకిక పిల్లలు లేనట్టేనా?"

"నాకు తెలీదమ్మా. బాతు వచ్చాక అడుగుదాం. అందాకా రోజూ నా దగ్గరికి రా. ఏడుపొస్తే ఏడువు."

తెగులు తగ్గడానికి ఇంకో నెల పట్టింది. సింగారి దిగులు తీరలేదు. కానీ గంప ఎత్తిన ప్రతి మధ్యాహ్నమూ గవరమ్మ పక్కన చేరి, నాలుగు గింజలు తినేది.

దిగులుతో ఉన్నవాళ్లను మనం పలకరించకపోతే, మోసగాడు పలకరిస్తాడు.