వందకు వంద చూపిన వార్డు

"లెక్క సూత్రాన్ని నేను ముట్టుకోలేదు గురువుగారూ. పైన ఒక్క ఫిల్టర్ పెట్టాను, అంతే. అంకె ఎందుకు మారిపోయింది?"

ఈ మాట అడిగింది హైమ. విజయనగరంలో ఒక పిల్లల ఆసుపత్రికి రిపోర్టులు తయారుచేయడం ఆమె పని. ఆ విద్య నేర్పుతున్నది పరాంకుశంగారు. ఇంటికి వెళ్లాక జబ్బుపడి మళ్లీ చేరిన పిల్లల్లో ఏ వార్డు వాటా ఎంతో చూపే లెక్క ఒకటి హైమ కట్టింది. అన్ని వార్డులూ కలిపి చూస్తే నెలలు నిండని పిల్లల వార్డుది పన్నెండు శాతం. ఆ ఉదయం సూపరింటెండెంటుగారు ఆ వార్డు ఒక్కటే చూపించమన్నారు. కావలసినవే ఏరి చూపే ఫిల్టర్‌లో హైమ దాన్ని ఎంచుకుంది. తెర మీద వంద పడింది.

"తిరిగొచ్చిన వాళ్లంతా ఇక్కడి పిల్లలేనా!" అంటూ ఆయన, ఆ వార్డు చూసుకునే సిస్టర్ మార్తను పిలిపించి, రేపటి నుంచి బాధ్యత వేరొకరికి అప్పగించమన్నారు. అరచేతిలో ఇమిడే బిడ్డల్ని ఏళ్ల తరబడి సాకి ఇళ్లకు పంపిన మనిషి, ఆ రోజుకు మిగిలిన పని చూసుకోవడానికి వెళ్లిపోయింది. అదీ హైమ బాధ.

అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు పరాంకుశంగారికి లేదు. "రామ్మా, ఒకసారి కిందికి వెళ్లొద్దాం" అని లేచారు.

ఆ వార్డు నుంచి వెళ్లి, జబ్బుపడి తిరిగొచ్చిన పిల్లల్ని కింద ఒక గదిలో ఉంచుతారు. చలిగాలి తగలకుండా దాని తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. చేతులు కడుక్కుని వాళ్లిద్దరూ గుమ్మంలో నిలబడేసరికి, లోపల పైడమ్మ అనే పడుచు తల్లి సిస్టర్ మార్త చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. తొలిచూలు బిడ్డ, ఊపిరితిత్తులకు నెమ్ము చేసి వచ్చాడు. ఇప్పుడు కాస్త నయం.

"ఈ గదిలో ఒక్క బిడ్డయినా నిమ్మళంగా ఉన్నాదేటి, సిస్టరమ్మా? ఇలాగ నెల తక్కువ పుట్టినోళ్లు ఇంక బతికి బట్టకట్టరేటో. నానే ఊరికే ఆశపడతన్నాను."

సిస్టర్ మార్త ఆమెను ఓదార్చలేదు. నిద్రపోతున్న బిడ్డను ఆయాకు అప్పగించి, "నాతో రా తల్లీ" అని నడిపించుకుపోయింది. గురుశిష్యులు వెనకాలే వెళ్లారు.

అది టీకాల రోజు. వెనక హాలు నిండా పిల్లలు, ఒకటే గోల. సిస్టర్ కనబడగానే ఒకావిడ బుగ్గల పాపాయిని ఎత్తి చూపింది. "మీ పిల్లే సిస్టరమ్మా, పోల్చుకున్నారా?"

పైడమ్మ ఆ చిట్టి చేతిని భయంభయంగా తాకింది. పాపాయి ఆమె వేలు పట్టుకుని వదలలేదు.

"ఇదీ మన వార్డులోదేనా?"

"మన వార్డులోదే. అదిగో, ఆ ఎర్ర చొక్కా వాడూ. కిటికీ దగ్గర కవలలూ. నీ బిడ్డకన్నా ఇంకా చిన్నగా పుట్టారు వీళ్లు."

పైడమ్మ ఏడుపులోంచే నవ్వింది. "ఇంతమంది ఇక్కడుంటే, నాను ఆ గదిలోంచి చూసి అంతా అంతే అనుకున్నాను!"

హైమ ఆగలేదు. మెట్లెక్కి తన బల్ల దగ్గరికి పరుగెత్తింది. తను పెట్టిన ఫిల్టర్ ఆ వార్డు పిల్లల్ని ఏరడంతో ఆగలేదు. భాగించడానికి కింద వేసే మొత్తం నుంచి మిగతా వార్డుల పిల్లల్నీ బయటకు పంపేసింది. ఆ వార్డును ఆ వార్డుతోనే పోలిస్తే వంద కాక ఇంకేమొస్తుంది? ఏ ఫిల్టర్ పెట్టినా కింది మొత్తంలో అన్ని వార్డులూ ఉండేలా లెక్క మార్చింది. వార్డు ఒక్కటే ఎంచుకున్నా ఈసారి పన్నెండు పడింది.

సూపరింటెండెంటుగారిని పిలిచి, జరిగిందంతా చెప్పి చూపించింది.  ఆయన ఎవరినీ పంపకుండా, సిస్టర్ మార్తను క్షమించమని అడగడానికి తానే కిందికి దిగారు.

హైమ గురువుగారి దగ్గరికి వచ్చి కూర్చుంది. "ఇక నా రిపోర్టుల్లో ఫిల్టర్లు పెట్టనండీ."

పరాంకుశంగారు ఆమె తల మీద చెయ్యి వేశారు.

"ఆ గదికి తలుపు లేకపోతే పైడమ్మ బిడ్డకు చలి తగలదూ? వెయ్యాలమ్మా. వేసినవాళ్లు అవతల ఉన్నవాళ్లను మరిచిపోకూడదు, అంతే."